అరచేతిలో పర్షియా

అరచేతిలో వైకుంఠం చూపిస్తామనేవాళ్లను నమ్మవద్దని పెద్దలు చెప్పారు. వైకుంఠం సంగతి నాకు తెలియదు గాని, ఈ మధ్య మూడు నెలలపాటు రాత్రిళ్లు మేలుకుని అరచేతిలో పర్షియాను మాత్రం చూపించగలిగాను. "ఉద్యోగంలో చేసేదీ ఆ పనే, ఇంటికొచ్చి చేసేదీ ఆ పనేనా?" అని మా ఆవిడ అడిగింది. నిజమే, ప్రోగ్రాములు రాయటమే నా వృత్తి. వంటమనిషి కూడా ఇంటికొచ్చి అన్నం వండుకోవాలిగదా అన్నాను. ఆ వంట సంగతే ఈ వారం.

పర్షియా అంటే నేను చెప్పేది దేశం గురించి కాదు, "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" అనే కంప్యూటరు ఆట గురించి. ఇప్పుడు నలభై దాటినవాళ్లలో చాలామందికి ఆ పేరు చెబితే చాలు, మొహం విప్పారుతుంది. తక్కినవాళ్ల కోసం కథ చెప్పాలి. సుల్తాను దూరదేశం యుద్ధానికి వెళ్లాడు. ఆయన లేని సమయం చూసి జాఫర్ అనే మంత్రి రాజ్యం కాజేశాడు. రాకుమారి దగ్గరకు వచ్చి, "నన్ను పెళ్లాడతావా, చస్తావా?" అని అడిగి, ఆలోచించుకోవటానికి గంట గడువు పెట్టి, ఇసుక గడియారం నిలబెట్టి పోయాడు. ఆమె మనసిచ్చిన కుర్రాడు కోటకింద చెరలో పడివున్నాడు. ఆ కుర్రాడే మనం. గంటలోగా పన్నెండు అంచెలు దాటి, మంత్రిని చంపి ఆమెను చేరాలి. పేదరాశి పెద్దమ్మ కథలు విని పెరిగినవాళ్లకు ఇందులో కొత్తేముంది అంటారా? కథలో ఏమీ లేదు. కొత్తదనమంతా ఆ కుర్రాడి నడకలో వుంది.

అప్పటి ఆటల్లో బొమ్మలు చదరంగం పావుల్లా జరిగేవి. ఈ కుర్రాడు మనిషిలా పరుగెత్తుతాడు. ఆగమంటే ఠక్కున ఆగడు, రెండడుగులు జారి ఆగుతాడు. గోడ అంచు పట్టుకుని వేళ్లాడి, కాళ్లు కూడదీసుకుని పైకి ఎగబాకుతాడు. దీన్ని రాసిన జోర్డన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు 1985లో తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగి, పరుగెత్తించి, గెంతించి వీడియో తీశాడు. ఆ వీడియోను ఆపి ఆపి, తెరమీది బొమ్మను ఫోటోలు తీసి, వాటిమీద నల్లరంగుతో, తెల్లరంగుతో ఆకారం దిద్ది, ఒక్కొక్కటే కంప్యూటరుకు ఎక్కించాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్‌లు చేసిన పోరాటాన్ని ఆధారం చేసుకున్నాడు. సంగీతం తండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్ కట్టాడు. తమ్ముడి కాళ్లు, తండ్రి రాగం, అన్న బుర్ర - ఇంటిల్లిపాదీ కలిసి పెట్టిన ఆవకాయ అన్నమాట. 1989లో ఆపిల్ టూ అనే కంప్యూటరు మీద విడుదలైంది. 1990లో డాస్ యంత్రాలకు వచ్చింది.

తెనాలికి 1993లో వచ్చింది. ఒక టైపు ఇనిస్టిట్యూటు యజమాని కాలం మారుతున్నదని గ్రహించి, రెండు కంప్యూటర్లు కొని, వాటికోసం గదికి ఏసీ పెట్టించి, గుమ్మంలో "చెప్పులు ఇక్కడ విడువవలెను" అని బోర్డు కట్టాడు. మా అక్క అప్పటికి టైపు హయ్యరు ప్యాసయి, ఆ గదిలో డీబేసు నేర్చుకుంటోంది. ఆమెకు పదిహేడేళ్లు, నాకు పదకొండు. కట్టిన ఫీజుకు గంటసేపు కూర్చోనిచ్చేవారు. అందులో పావుగంట అక్క నాకు దానం చేసేది. ఆ పావుగంటలో నేను గోతుల్లో పడి చస్తూ వుండేవాణ్ని. నేల చీల్చుకుని లేచే మేకులు, దవడల్లా కొట్టుకునే కత్తులు, కాలు పెడితే ఊడిపడే పలకలు - అన్నీ నాకోసమే పెట్టినట్టుండేవి. అక్క టైపు నేర్చిన వేళ్లతో, మీటల వంక చూడకుండా, కుర్రాణ్ని నడిపించేది. ఒక సాయంత్రం ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి వుండగానే రాకుమారిని చేరింది. ఇనిస్టిట్యూటు అంతా, టైపు మిషన్లు వదిలిపెట్టి, చెప్పులు విడిచి వచ్చి చూశారు.

ఆ అక్కకు ఇప్పుడు యాభై దగ్గరపడింది. మూడేళ్లుగా మూత్రపిండాలు పనిచెయ్యటం లేదు. వారానికి మూడుసార్లు గుంటూరులో డయాలిసిస్. ఒక్కొక్క విడత నాలుగు గంటలు. ఎడమచేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టివుంచారు. అక్కడ రెండు సూదులు గుచ్చుతారు. ఒకదానినుంచి రక్తం యంత్రంలోకి పోతుంది. మలినాలు పోయి రెండోదానినుంచి లోపలికి వస్తుంది. ఆ నాలుగు గంటలూ ఎడమచెయ్యి కదపకూడదు. కుడిచెయ్యి మాత్రం ఆమె స్వంతం.

ఒకనాడు ఫోనులో అంది: "ఒరేయ్, ఆ గదిలో ఫ్యాను రెక్కలమీద దుమ్ము ఎన్ని గ్రాములుందో నేను తూచకుండా చెప్పగలను. పుస్తకం పట్టుకుంటే పేజీ తిప్పటానికి రెండో చెయ్యి లేదు. టీవీలో ఏడుపులు చూడలేను. మన పర్షియా కుర్రాడు ఏమయ్యాడురా?"

ఏమీ కాలేదు, వున్నాడు. 1992లోనే గేమ్ బాయ్ అనే చేతి యంత్రంలోకి కూడా వచ్చాడు. అయితే దాని తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144. అక్క ఇంటర్నెట్టులో దాని బొమ్మ చూసి, "వీడెవడో మనవాడి మేనమామ కొడుకులా వున్నాడు. నాకు తెనాలివాడు కావాలి" అంది. సెల్‌ఫోనులో ఆడవచ్చుగదా అని మా అబ్బాయి అడిగాడు. ఫోను అద్దంమీద మీట ఎక్కడుందో వేలికి తెలియదు. కళ్లు కుర్రాడిమీద వుండాలా, వేలిమీద వుండాలా? కళ్లజోడు పెట్టె అంత ఆటయంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. తెర 320కి 240 చుక్కలు. ఎడమవైపు కూడిక గుర్తులాంటి మీట, కుడివైపు నాలుగు గుండ్రటి మీటలు, పైఅంచున చూపుడువేళ్లకు అందేవి మరికొన్ని. అది ఒకటి కొన్నాను. తెనాలివాణ్ని అందులోకి దింపాలి.

ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రామును మరో యంత్రానికి అలవాటు చెయ్యటాన్ని మావాళ్లు "పోర్టు" చెయ్యటం అంటారు. పొలం తెలిసినవాళ్లకు ఇది నాట్లు. ఒక మడిలో మొలిచిన నారు పీకి మరో మడిలో నాటుతాం. నేల మారుతుంది, నీరు మారుతుంది. వేళ్లు తెగకుండా చూడటమే అసలు పని. నారు పీకే శ్రమ అదృష్టవశాత్తూ ఇతరులు పడ్డారు. డాస్ ఆటను విప్పి, యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞలు చదివి, సి భాషలో తిరిగి రాసిన ఎస్‌డీఎల్‌పాప్ అనే ప్రోగ్రాము వుంది. దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. నాటటం ఒక్కటే నా వంతు.

మొదటి పేచీ తెరతో వచ్చింది. డాస్ ఆట బొమ్మ అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 గీతలు. ఆ 200 గీతలనే పాత మానిటరు సాగదీసి తెరంతా నింపేది. అంటే ఒక్కొక్క చుక్క వెడల్పుకన్న ఎత్తు ఎక్కువ. బొమ్మలు గీసినవాళ్లు ఆ సాగుదల లెక్కలో పెట్టుకునే గీశారు. కొత్త తెరమీద చుక్కలు చతురస్రాలు. పైనా కిందా ఇరవయ్యేసి గీతలు నల్లగా వదిలేసి 200 గీతలను వున్నవి వున్నట్టు వేస్తే, ఆరడుగుల రాకుమారుడు సరిగ్గా అయిదడుగులవాడవుతాడు. సాగదియ్యాలంటే ప్రతి అయిదు గీతలనూ ఆరు చెయ్యాలి. ఆ ఆరో గీత ఎక్కడినుంచి తేవాలి? అయిదింటిలో ఒకదాన్నే రెండుసార్లు వేస్తే, అది ఏ కాపలావాడి తలపాగామీద పడినా ఆ తలపాగా ఉబ్బుతుంది. ఇరుగుపొరుగు గీతల రంగులు కొంచెం కొంచెం కలిపి ఆరింటికీ పంచితే అంచులు కాస్త మెత్తబడతాయి. పాత మానిటరులో అంచులు మెత్తగానే వుండేవి గనక ఆ పద్ధతే తీసుకున్నాను. అక్క చూసి, "ఇప్పుడు వాడి ఎత్తు సరిపోయింది" అంది. గీతల లెక్క ఆమెకు నేను చెప్పలేదు.

రెండో పేచీ చేతితో. ఆటంతా నాలుగు బాణపు మీటలూ, షిఫ్టు మీటా. షిఫ్టు నొక్కి వుంచి బాణం నొక్కితే కుర్రాడు పరుగెత్తకుండా ఆచితూచి అడుగు వేస్తాడు. గోతి అంచున అదే ప్రాణాధారం. గోడ అంచుకు వేళ్లాడాలన్నా, కత్తి దుయ్యాలన్నా షిఫ్టే. మామూలుగా అయితే ఎడమ బొటనవేలితో దిక్కులు, కుడిచేతితో షిఫ్టు పెడతారు. అక్కకు ఎడమచెయ్యి లేదు. అందుచేత కుడివైపున్న నాలుగు గుండ్రటి మీటలనే నాలుగు దిక్కులు చేశాను. షిఫ్టును పైఅంచుకు, చూపుడువేలి కిందకు తెచ్చాను. బొటనవేలు నడిపిస్తుంది, చూపుడువేలు జాగ్రత్త చెబుతుంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. నిలబడ్డచోటునుంచి ముందుకు దూకాలంటే "పైకి", "ముందుకు" అనే రెండు మీటలూ ఒక్కసారే పడాలి. ఈ ఆటలో బొమ్మ సెకనుకు పన్నెండుసార్లు మారుతుంది. రెండూ దాదాపు ఒకేసారి పడకపోతే, పైమీట ముందు పడినప్పుడు కుర్రాడు నిట్టనిలువునా గెంతుతాడు, ముందుమీట ముందు పడినప్పుడు పరుగెత్తి గోతిలో పడతాడు. ఒక్క బొటనవేలితో రెండింటినీ ఒకే క్షణంలో నొక్కటం కష్టం. పైఅంచున రెండో మీట ఖాళీగా వుంది. దూకటానికి దాన్ని కేటాయిస్తానన్నాను. అక్క వెంటనే ఒప్పుకోలేదు. "అది నామీద జాలిపడి ఇచ్చే రాయితీ అయితే నాకక్కర్లేదు" అంది. ఒక నిమిషం ఆగి, ఆమే, "ఉండు, తెనాలిలో అంకెల మీటల్లో తొమ్మిది నొక్కితే కుడికి దూకేవాడు, ఏడు నొక్కితే ఎడమకు. ఒక్క మీటే. అయితే పెట్టు, తప్పులేదు" అని తీర్పు చెప్పింది. ముప్పై ఏళ్ల తరువాత కూడా ఆ వేళ్లకు ఏడూ తొమ్మిదీ గుర్తున్నాయి.

యంత్రాన్ని ఒక్క చేత్తో మొయ్యటం మణికట్టుకు శ్రమ. దానికి ఉపాయం బావగారు చెప్పారు. ఇంట్లో వ్యాసపీఠం వుంది గదా, దాన్ని మంచంమీది బల్లపై పెట్టి యంత్రాన్ని ఆనిస్తే సరి అన్నారు. ఇంజనీర్లకు తట్టనిది బావగార్లకు తడుతుంది.

మూడో పేచీ గడియారంతో, అంటే అక్కతో. గంట గడువు తీసివెయ్యటం ప్రోగ్రాములో పెద్ద పని కాదు. ప్రాణాలు తరగకుండా చెయ్యటమూ సులువే. "ఆసుపత్రి మంచంమీద ఈ తొందరంతా ఎందుకక్కా, గడియారం తీసేద్దామా?" అని అడిగాను.

"వద్దు. ఈ మందులకు ఆఖరు తేదీ లేదు. ఈ సూదులకు లేదు. వారానికి మూడురోజులు, ఎన్నేళ్లని డాక్టరు చెప్పడు, నేను అడగను. గంటలో ఏదో ఒకటి తేలిపోయే పని ఒక్కటైనా నాకు వుండనియ్యరా" అంది.

నేను మారుమాట్లాడలేదు. ఆరోగ్యం చెడినవాళ్ల విషయంలో మనం చేసే మొదటి పని అన్నీ తేలిక చెయ్యటం. బరువు లేపవద్దంటాం, మెట్లెక్కవద్దంటాం, లెక్కలు మేం చూసుకుంటాంలే అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ ప్రేమలో వాళ్లు ఓడిపోయే హక్కు కూడా లాగేసుకుంటున్నామని మనకు తట్టదు. ఓడిపోయే వీలులేని ఆటలో గెలిచినా ఏం గెలిచినట్టు?

గడియారం ముట్టుకోలేదు గాని, దాన్ని విప్పి చూస్తే ఒక ముచ్చట కనిపించింది. ఈ ఆట నిమిషాన్ని సెకనులతో కొలవదు, బొమ్మలతో కొలుస్తుంది. సెకనుకు పన్నెండు బొమ్మలు గనక 720 బొమ్మలైతే ఒక నిమిషం. అయితే కత్తియుద్ధం వచ్చినప్పుడు బొమ్మల వేగం సెకనుకు పదికి తగ్గుతుంది. అప్పుడు ఆ 720 బొమ్మలకు 72 సెకనులు పడుతుంది. అంటే కత్తి దూసినప్పుడు కాలం కొంచెం నిదానిస్తుంది. మన పౌరాణిక నాటకాల్లో యుద్ధానికి ముందు పద్యం పూర్తయ్యేదాకా ఎదుటివాడు బాణం వెయ్యకుండా నిలబడటం లేదూ, అలాగ! కొత్త యంత్రానికి ఆ తడబాటు అక్కర్లేదు. అంతా ఒకే వేగంతో నడపగలదు. అయినా వుంచేశాను. నర్సు వచ్చి రక్తపోటు చూసేటప్పుడు ఆపుకోవటానికి మాత్రం ఒక మీట పెట్టాను. పాత ఆటలోనూ ఎస్కేప్ నొక్కితే ఆగేది గనక అక్క అభ్యంతరం చెప్పలేదు.

మరొక్క సంగతి చెప్పి ముగిస్తాను, ముఖ్యంగా గృహిణుల కోసం. ఆపిల్ టూలో మెక్నర్‌కు దొరికిన జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. సెల్‌ఫోనులో ఒక్క ఫోటోకు కూడా చాలదు. తమ్ముడి పరుగులూ గెంతులూ కలిసి ఆ చోటంతా తినేశాయి. శత్రువులు లేక ఆట చప్పగా వుందని తోటివాళ్లు అంటున్నారు. శత్రువు బొమ్మలకు చోటు లేదు. చివరికి ఏం చేశాడంటే, కుర్రాడి బొమ్మనే తీసుకుని, ఒక్క చుక్క పక్కకు జరిపి, దానిమీదే వేశాడు. రెండూ ఒకటిగా వున్నచోట చెరిపి, తేడా వున్నచోట వెలిగించాడు. కొత్త బొమ్మ ఒక్కటి కూడా గియ్యకుండానే మిలమిలలాడే ఛాయాపురుషుడు తయారయ్యాడు. బీరకాయ కూర వండి, పొట్టు పారెయ్యకుండా పచ్చడి చేసే ఇల్లాలికి ఈ విద్య కొత్తకాదు. ఆ పచ్చడే ఆటకంతటికీ రుచి అయింది. నాలుగో అంచెలో కుర్రాడు అద్దంలోనుంచి దూకితే వెనకనుంచి ఆ ఛాయ విడిపోతుంది. తాగబోయే మందు దొంగిలిస్తుంది, తలుపు మూసి గోతిలో పడేస్తుంది. చివరి అంచెలో కత్తి పట్టుకుని ఎదురు నిలుస్తుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తరుగుతుంది. కత్తి ఒరలో పెట్టి ఎదురు నడిస్తే మనలో కలిసిపోతుంది. ఈ మాట అక్క నాకు తెనాలిలోనే చెప్పింది. నేను అంతదాకా పోతేగదా!

ఇప్పుడామె తొమ్మిదో అంచెలో వుంది. నాలుగు గంటల్లో రెండు ఆటలు ఆడుతుంది. తక్కిన సమయం నిద్ర. పక్కమంచంలో డిగ్రీ చదివే కుర్రాడొకడు వున్నాడు. అతనికి సూదులు కుడిచేతికి. "ఆంటీ, నాకూ చూపించండి" అన్నాడట. యంత్రం మొదలుకాగానే "ఎడమా, కుడా?" అని అడిగేటట్టు మార్చి పంపాను. ఎడమ అంటే కూడిక గుర్తు మీట నడుపుతుంది, ఆవైపు పైమీట షిఫ్టవుతుంది. నకలు ఇమ్మని అడిగాడు గాని, ఆటకు యజమానులున్నారు. పంచిపెట్టే హక్కు నాకు లేదు. అందుకని వాళ్లిద్దరూ వంతులు వేసుకుని ఆడుతున్నారు. అతను మూడో అంచెలో అస్థిపంజరం దగ్గర ఆగిపోయాడనీ, ఉపాయం తను చెప్పటం లేదనీ అక్క ఫోనులో చెప్పింది. గొంతులో పదిహేడేళ్లు వినిపించాయి.

పోతే, పాఠకులకు ఒక మనవి. మెక్నర్ తన ఆట అసలు ప్రతి పోయిందనే అనుకున్నాడు. 20 ఏళ్లు దాటాక, 2012లో ఆయన తండ్రికి ఇంట్లో ఒక పెట్టె కనిపించింది. అందులో ఆ ఫ్లాపీలు వున్నాయి. పాత యంత్రాల మర్మం తెలిసిన జేసన్ స్కాట్, టోనీ డయాజ్ అనే వాళ్లు వచ్చి, వాటిమీది రాతను చదివి బయటికి తీశారు. ఆ ఏడాదే మెక్నర్ దాన్ని అందరూ చదువుకునేందుకు పెట్టాడు. అయస్కాంతం మీద రాసిన రాత శిలాశాసనం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది. మన కోస్తా చెమ్మకు బూజు కూడా పడుతుంది.

మీ ఇంట్లోనూ వుంటాయి - నాన్నగారి లెక్కల ఫ్లాపీలు, అమ్మమ్మ పాడిన మంగళహారతి క్యాసెట్టు, చెల్లెలి పెళ్లి వీడియో. చదివే యంత్రం ఇంకా దొరుకుతుండగానే నకలు తీయించండి. ఒకటి కాదు, రెండు తీయించి రెండిళ్లలో పెట్టండి. అటకెక్కినవి వాటంతట అవి దిగవు. ఈ ఆదివారం మనమే ఒకసారి అటకెక్కాలి. నిచ్చెన పట్టుకోవటానికి ఇంట్లో పిల్లల్ని పిలవండి. ఏమిటి ఇవన్నీ అని వాళ్లు అడుగుతారు. చెప్పటానికి తీరిక పెట్టుకుని మరీ ఎక్కండి.